బ్రాంకూష్ కోసం రుమేనియా: క్రయోవా నుంచి తిర్గు జియు దాకా

తిర్గు జియు పట్టణానికి చాలామంది బ్రాంకూష్ శిల్పం ‘అంతులేని స్తంభం’ ఒక్కదాని కోసమే వస్తారు. దాని ముందు ఫొటో దిగి, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళిపోతారు. మేం ముందు క్రయోవాలో ఆగి, తర్వాత హోబిత్స పల్లె చూసి, చివర్లో స్తంభం దగ్గరికి వెళ్ళాం. కాన్‌స్టాంటిన్ బ్రాంకూష్ శిల్పాలకు ఈ వరుసే సరైనదని నా గట్టి నమ్మకం. పారిస్‌లో యాభై ఏళ్ళకు పైగా బతికిన ఆ వలస శిల్పి చేతికి పనితనం ఎక్కడ అబ్బిందో చూశాక స్తంభం ఎదుట నిలబడితే, అది ఆకాశం నుంచి ఊడిపడ్డ వింతలా కాక, లెక్క తెలిసిన వడ్రంగి పనిలా కనిపిస్తుంది.

2025 జనవరి 1 నుంచి రుమేనియా పూర్తిగా షెంగెన్ దేశాల్లో కలిసింది కాబట్టి, పారిస్ కూడా చూడాలనుకునే వాళ్ళకు ఒకే వీసా సరిపోతుంది. బుకారెస్ట్‌లోని గారా ద నోర్డ్ స్టేషన్ నుంచి క్రయోవాకు రైళ్ళున్నాయి. అక్కడి నుంచి ఫిలియాష్ జంక్షన్ మీదుగా ఉత్తరానికి వెళ్తే తిర్గు జియు వస్తుంది. బండి మారాల్సి వస్తుందా లేదా టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోవాలి. సోమవారం మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దు. ఆ రోజు చాలా మ్యూజియంలు మూసి ఉంటాయి.

క్రయోవా ఆర్ట్ మ్యూజియం జాన్ మిహాయిల్ భవనంలో ఉంది. అక్కడ చూడాల్సింది 1907 నాటి ‘ముద్దు’. పేరు విని పెద్ద శిల్పాన్ని ఊహించుకుంటే పొరపాటే. ఎత్తు 28 సెంటీమీటర్లు, అంతే. చుట్టూ తిరిగి చూడండి. రాతి దిమ్మె అంచులు ఇంకా దిమ్మె అంచుల్లాగే ఉంటాయి. రెండు ముఖాలు కలిసినచోట కళ్ళు కూడా కలిసిపోయి, పక్క నుంచి చూస్తే ఒక్క కన్నే అనిపిస్తుంది. చేతులు రాయికి అంటుకుని పలకల్లా ఉంటాయి.

దీని గొప్పతనం తెలియాలంటే అప్పటి పద్ధతి తెలియాలి. పేరున్న శిల్పులు ముందు మట్టితో బొమ్మ చేసేవారు. దానికి ప్లాస్టర్ అచ్చు తీసి, కొలతలు గుర్తు పెట్టి, పాలరాయి చెక్కే పని సహాయకులకు అప్పజెప్పేవారు. ప్రసిద్ధ ఫ్రెంచ్ శిల్పి రోడాన్ కార్యశాల నడిచింది అలాగే. 1907లో బ్రాంకూష్ అక్కడ కొద్దికాలం పనిచేసి బయటికొచ్చేశాడు. పెద్ద చెట్ల నీడలో ఏదీ మొలవదన్న ఆయన మాట అప్పటిదే. ఆ తర్వాత నేరుగా రాయి మీద ఉలి పెట్టాడు. ఇలా చెక్కేటప్పుడు ఒకసారి ఎక్కువ కొట్టేస్తే మళ్ళీ అతికించే దారి లేదు. అందుకే దిమ్మె ఎంత ఇస్తే అంతలోనే రూపం వెతకాలి. ‘ముద్దు’లో ఆ పొదుపు కనిపిస్తుంది.

ఈ ఊరితో ఆయన బంధం ఇంకా పాతది. 1894 నుంచి 1898 దాకా క్రయోవా వృత్తి విద్యా పాఠశాలలో చదివాడు. చెక్కపని అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత బుకారెస్ట్ లలితకళల పాఠశాలలో చదివి, బుడాపెస్ట్, వియన్నా, మ్యూనిక్‌ల మీదుగా చాలా దూరం కాలినడకనే సాగి 1904లో పారిస్ చేరాడు. మొదట్లో అక్కడి హోటళ్ళలో అంట్లు తోమి పొట్టపోసుకున్నాడు.

1876 ఫిబ్రవరి 19న ఆయన పుట్టిన హోబిత్స, తిర్గు జియుకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. టాక్సీ మాట్లాడుకుని, తిరిగి తీసుకెళ్ళేదాకా అక్కడే ఆగమని ముందే చెప్పుకోవడం మేలు. స్మారక గృహం చిన్నది, గంటలో అయిపోతుంది. లోపలి సామాను కంటే వసారా కొయ్య స్తంభాలు చూడండి. గోర్జ్ ప్రాంతపు ఇళ్ళలో వసారా స్తంభాన్ని ఒకే దుంగలోంచి గొడ్డలితో, బాడిసెతో గాట్లు పెట్టి, కింద వెడల్పు, పైన సన్నం, మళ్ళీ వెడల్పు వచ్చేలా చెక్కుతారు. 1918లో బ్రాంకూష్ ఓక్ దుంగలో చెక్కిన మొదటి ‘అంతులేని స్తంభం’ వరుస కూడా ఇదే.

తిర్గు జియులో నడక పడమరన జియు నది ఒడ్డున మొదలుపెట్టాలి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో జర్మన్ సేనల్ని ఇక్కడ అడ్డుకుని చనిపోయిన వాళ్ళ జ్ఞాపకార్థం గోర్జ్ మహిళల సంఘం ఈ శిల్పాల పని తలపెట్టింది. అధ్యక్షురాలు అరెతియా తతరెస్కు. పని ముందు శిల్పి మిలిత్స పెట్రాష్కు దగ్గరికి వెళ్తే, ఆవిడ తన గురువు బ్రాంకూష్ పేరు చెప్పింది. ఆయన రూపాయి పారితోషికం తీసుకోలేదు. 1938 అక్టోబర్ 27న ప్రారంభోత్సవం జరిగింది.

పార్కులో మొదట ‘మౌన బల్ల’. రెండు గుండ్రటి రాతిపలకలు ఒకదాని మీద ఒకటి. పైదాని వ్యాసం 2.15 మీటర్లు. చుట్టూ 12 పీటలు. పీటలు బల్లకు ఎంత దూరంలో ఉన్నాయో గమనించండి. కూర్చున్నవాడి చెయ్యి బల్లకు అందదు. అది భోజనం బల్ల కాదని ఆ దూరమే చెబుతుంది. అక్కడి నుంచి పీటల బాట మీదుగా వెళ్తే ‘ముద్దు ద్వారం’ వస్తుంది. ట్రావర్టైన్ అనే సున్నపురాళ్ళు పేర్చి కట్టిన ఈ ద్వారం ఎత్తు అయిదు మీటర్ల పైచిలుకు. స్తంభాల నాలుగు ముఖాల మీదా నడిమికి చీలిన వలయం ఉంటుంది. అది క్రయోవాలో చూసిన కన్నే. క్రయోవా వెళ్ళకుండా వచ్చినవాళ్ళకు అదొక ముగ్గుగానే కనిపిస్తుంది. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్తే పై దూలం మీద చెక్కిన సన్నటి గీతలు తేలతాయి. మిట్టమధ్యాహ్నం అవి కనబడవు.

ద్వారం దాటి ‘వీరుల బాట’ వీధి వెంట తూర్పుకు కిలోమీటరుకు పైగా నడవాలి. మధ్యలో చర్చి అడ్డం వస్తుంది. అది కూడా ఈ వరుసలో భాగమే, పక్కనుంచి చుట్టి వెళ్ళాలి. కార్లో వెళ్తే ఈ దూరానికి ఉన్న అర్థం పోతుంది.

ఇక స్తంభం. ఎత్తు 29 మీటర్ల పైన. 15 పూర్తి ఖండాలు, పైన ఒక సగం, కింద సగానికి కాస్త ఎక్కువ. ఒక్కో ఖండం సన్నటి చోట 45 సెంటీమీటర్లు, వెడల్పయిన చోట 90, ఎత్తు 180. ఒకటి, రెండు, నాలుగు. ఈ నిష్పత్తి తప్ప ఇంకే అలంకారమూ లేదు. అడ్డుకోత చతురస్రం కాబట్టి ఎదురుగా నిలబడితే 90 సెంటీమీటర్ల వెడల్పు, మూల వైపు నుంచి చూస్తే దాదాపు 127. చుట్టూ తిరుగుతుంటే స్తంభం లావెక్కి సన్నబడుతుంది. ఆ తిరగడం మానొద్దు. పైన సగంలో ఆపడం ఆయన తెలివి. పూర్తి ఖండంతో ముగిస్తే చూపు అక్కడే ఆగిపోయేది.

దీన్ని నిలబెట్టింది ఇంజనీర్ ష్తెఫాన్ జార్జెస్కు-గోర్జాన్. పెట్రొషాన్ గనుల వర్క్‌షాపులో ఖండాలను పోత ఇనుముతో, లోపల డొల్లగా పోశారు. లోతైన కాంక్రీటు పునాదిలో ఉక్కు కడ్డీని నిలబెట్టి, ఖండాలను పైకి లేపి దాని మీదికి పూసలు గుచ్చినట్టు దించారు. మొత్తం బరువు దాదాపు 29 టన్నులు, అందులో సగం లోపలి ఉక్కుదే. 1937 నవంబర్‌కు కూర్పు అయింది. మరుసటి ఏడు కరిగించిన ఇత్తడిని చిమ్మి పసుపు రంగు పూత వేశారు.

చిక్కంతా ఆ పూతతోనే వచ్చింది. ఇనుము మీద ఇత్తడి పొర ఎక్కడ పగిలినా, తడి తగలగానే రెండు లోహాల మధ్య చర్య మొదలై ఇనుమే ముందు తుప్పు పడుతుంది. ఖండాల అతుకుల్లోంచి నీళ్ళు లోపలి ఉక్కు దాకా దిగాయి. పూత పలుమార్లు మళ్ళీ వేశారు, 1990లలో ఖండాలన్నీ విప్పి 2000 నాటికి మరమ్మతు ముగించారు. ఉక్కు కడ్డీని మార్చేద్దామన్న వాదన గట్టిగానే నడిచింది. చివరికి పాతదాన్నే శుభ్రం చేసి ఉంచారు. అది సరైన నిర్ణయం. కంటికి కనబడకపోయినా శిల్పాన్ని మోస్తున్నది అదే. 1950లలో స్థానిక అధికారులు ఈ స్తంభాన్ని ట్రాక్టరుతో లాగి పడగొట్టబోతే కదలనిదీ దాని బలం వల్లే.

స్తంభం కూర్పు అయిన కొన్ని వారాలకే బ్రాంకూష్ మన దేశానికి వచ్చాడు. ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ ఆయన దగ్గర మూడు ‘పక్షులు’ కొన్నాడు. ఒకటి కంచు, ఒకటి తెల్ల పాలరాయి, ఒకటి నల్ల పాలరాయి. వాటికోసం ఒక ధ్యానమందిరం కట్టాలన్నది ఆలోచన. 1938 జనవరిలో శిల్పి ఇండోర్‌లో ఉన్నాడు కానీ పని మొదలుకాలేదు, మందిరం కట్టనే లేదు. ఆ రెండు పాలరాతి పక్షులూ ఇప్పుడు కాన్‌బెర్రా జాతీయ గ్యాలరీలో ఉన్నాయి. తిర్గు జియు శిల్పాలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది కూడా మన దేశంలోనే, 2024 జులైలో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో.

పారిస్ గురించి ఒక జాగ్రత్త. 1952లో ఫ్రెంచ్ పౌరుడైన బ్రాంకూష్ తన కార్యశాలను, అందులోని ప్రతి వస్తువునూ ఉన్నదున్నట్టు ఉంచాలన్న షరతుతో ఫ్రాన్స్‌కు రాసిచ్చి 1957లో చనిపోయాడు. పాంపిడూ సెంటర్ అనే కళాకేంద్రం ఎదుట దాన్ని తిరిగి కట్టారు. ఆ సెంటర్ మరమ్మతుల కోసం 2025లో మూతపడింది, 2030లో తెరుస్తామన్నారు. అందుకని పారిస్ టికెట్ కొనే ముందు ఆయన శిల్పాలు అప్పటికి ఎక్కడ ప్రదర్శనలో ఉన్నాయో చూసుకోండి. సమాధి మోంపార్నాస్ శ్మశానంలో ఉంది. అదే శ్మశానంలో వేరే సమాధి మీద 1909 నాటి ‘ముద్దు’ కూడా ఉంది కానీ, యాజమాన్యం మీద కోర్టు తగాదా వచ్చి దాని చుట్టూ చెక్కపెట్టె బిగించారు.