కరెంటు పెట్టు మేడం, పోత

"కరెంటు పెట్టు మేడం, పోత." పొద్దున క్లినిక్ తలుపు తీస్తే మొదట వినపడే మాట ఇదే. నల్లగొండ గడియారం సెంటర్ కాడ ఆటో దిగి, మోకాలు పట్టుకుని మెల్లగ నడుచుకుంట వచ్చే అవ్వలకి ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టుడే. పది రోజులు మిషన్ పెట్టించుకుంటే నొప్పి పోతదని ఎవరో చెప్పి ఉంటరు. మిషన్ నేను కూడ వాడత, కానీ అది కాసేపు నొప్పి తగ్గిస్తది అంతే, అసలు పని ఆ తర్వాతనే.

వాళ్ళు తలుపుల అడుగు పెట్టినప్పటి నుంచే చూస్తుంట. ఏ కాలు మీద బరువు వేస్తున్నరు, కుర్చీలకెళ్లి లేసేటప్పుడు చేతులు ఆనిస్తున్నరా, చెప్పు ఏ పక్క అరిగింది. పోయిన నెల మునుగోడు దిక్కు నుంచి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయిన అవ్వ వచ్చింది, ఆపరేషన్ మంచిగనే అయింది, కుట్లు మానినయి, కానీ కాలు సాపుగ చాపలేకపోతుంది, కీలు ఎంత వంగిందో చూపే గోనియోమీటర్ పెట్టి కొలిస్తే ఇంకా 15 డిగ్రీలు వంగే ఉంది. ఇంట్ల ఎట్ల పండుకుంటున్నవ్ అవ్వా అని అడిగితే కోడలు చెప్పింది, నొస్తుందంటే మోకాలు కింద దిండు పెడుతున్నం మేడం అని. ప్రేమతోనే పెట్టిన్రు. కానీ ఆ దిండు మీదనే మోకాలు వంగిన కాడికి బిగుసుకపోతది. దిండు తీయించి మడమ కింద టవల్ చుట్ట పెట్టిన, మోకాలుని మంచానికేసి అదిమి తొడ కండ బిగబట్టి ఐదు లెక్కపెట్టు, మళ్ళ వదులు, పూటకు పదిసార్లు అని చెప్పి, అవ్వ కంటే ముందు కోడలికి నేర్పిన. నా దగ్గర ఉండేది ఒక గంట, మిగతా 23 గంటలు ఆమె దగ్గరనే కదా.

మా జిల్లాల మర్రిగూడ, నాంపల్లి దిక్కు పెద్దోళ్ళు వస్తే వేరే లెక్క. ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్ను, కీళ్ళు బిగుసుకపోయినోళ్ళని బలవంతంగ వంచుడు అసలు చేయొద్దు. ఆ ఎముక ఎక్స్‌రేల దట్టంగ కనపడ్డా తొందరగ విరుగుతది. నడుము సాపు చేస్త అని వాళ్ళకి మాటియ్యను, తనంతట తను మంచం దిగి బాత్రూం దాక పోయేటట్టు చేయనీకి మాత్రం కష్టపడత.

ఇగ నీళ్ళల్ల దింపి చేయించే వ్యాయామం సంగతి. ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌ల థెరపీ పూల్ ఉన్న కాడ పనిచేసిన. నకిరేకల్ దిక్కు గీత కాక ఒకాయన, తాటిచెట్టు మీదికెళ్లి జారిపడి మడమ ఎముక పలిగింది, ఎల్బీనగర్‌ల బిడ్డ ఇంట్ల ఉండి వచ్చేటోడు. డాక్టర్ ఇగ బరువు పెట్టొచ్చు అన్నా కూడ నేల మీద కాలు ఆనియ్యాలంటే చెమటలు పట్టేటియి. నడుము దాక నీళ్ళల్ల నిలబడితే కాళ్ళ మీద పడే బరువు సగమైతది, ఛాతీ దాక దిగితే దగ్గరదగ్గర మూడో వంతే. అంటే 60 కిలోల మనిషి దగ్గరదగ్గర 20 కిలోల మనిషైతడు. పైగా నీళ్ళ ఒత్తిడికి వాపు తగ్గుతది, మెల్లగ కదిలిస్తే నీళ్ళు దారిస్తయి, జోరుగ తోస్తే అంతే జోరుగ ఆపుతయి, ఎవరి శక్తికి తగ్గ బరువు వాళ్ళకే దొరుకుతది. 33, 34 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళు కాబట్టి కండలు కూడ వదులైతయి.

"బాయిల దుంకి పెరిగినోన్ని, నాకు నీళ్ళ భయమేంది బిడ్డా" అనుకుంటనే దిగిండు. రెయిలింగ్ పట్టుకుని ముందు మడమ, తర్వాత వేళ్ళు, అట్ల నాలుగు రౌండ్లు ఒక్క మాట మాట్లాడకుండ నడిచి, ఆగి, "మడమ ఆనింది" అన్నడు. గంతే.

మూడో రోజు తప్పు నాదే. సంతోషంగ నడుస్తుండని ఇంకో పావుగంట వదిలేసిన. నీళ్ళల్ల ఉన్నంతసేపు నొప్పి తెల్వది, మెట్లెక్కి బయటకొస్తుంటే ఒక్కో మెట్టుకి బరువు తిరిగి మీద పడుతది, తెల్లారికి మడమ ఉబ్బింది. వారం వెనక్కి పోయినం. అప్పటి నుంచి నేను టైం చూసే ఆపుత, తెల్లారి పొద్దున ఎట్లుందో అడిగినాకనే పెంచుత. ఛాతీ లోతు నుంచి నడుము లోతుకి, ఆడికెళ్లి నేల మీదికి తేవాలె, ఎందుకంటే మనిషి బతికేది నేల మీదనే కదా.

అందరికీ పూల్ పనికిరాదు కూడ. మానని పుండు, పచ్చి కుట్లు, జ్వరం, కంట్రోల్‌ల లేని ఫిట్స్, ఆయాసం వచ్చే గుండె జబ్బు ఉంటే దింపొద్దు. గోరువెచ్చని నీళ్ళు, వాటి ఒత్తిడి కలిసి గుండె దిక్కు రక్తం ఎక్కువ తోస్తయి.

ఇక్కడ నా దగ్గర పూల్ లేదు. "బాయిల ఈత కొడితే సాలదా మేడం" అని అడుగుతరు, వద్దంటే వద్దు అని చెప్త. పాకురు పట్టిన మెట్లు, చల్లటి నీళ్ళు, కాలు ఆనేటందుకు అడుగు అందదు. అదే లెక్కని నేను బరువు చూసే మిషన్‌తో చేయిస్త: రెండు పక్కల ఇనుప బార్లు పట్టుకుని, దెబ్బ తగిలిన కాలు మిషన్ మీద పెట్టి ముల్లు 20 దాక పోయేదాక ఒత్తు, ఆ ఒత్తుడు గుర్తు పెట్టుకుని నడువు, వారానికి ఇంత అని పెంచుకుంట పో.

మొన్న దసరాకి ఆ కాక ఊరికొచ్చి మా క్లినిక్ ఎతుక్కుంట వచ్చిండు, రెండు కాళ్ళకి చెప్పులు. "మళ్ళ చెట్టెక్కొచ్చా బిడ్డా" అని అడిగిండు. గోడకి వేళ్ళు ఆనించి, ఒంటికాలు మీద నిలబడి మడమ లేపు కాకా అన్న. మంచి కాలుతోని 20 లేపిండు, దెబ్బ తగిలిన కాలుతోని ఆరు. ఇదీ 20 అయినాక డాక్టర్‌ని కూడ అడిగి మాట్లాడుదాం అన్న. సరేనని మెట్లు దిగిండు, గోడ పట్టుకోకుండ, కింద దాక నిలబడి చూసిన.