పాము కాళ్ళు రాళ్ళకెరుక

పాము కాళ్ళు పాముకెరుక అంటాం కదా, కొండచిలువ విషయంలో అది అక్షరాలా నిజం. దానికి ఇప్పటికీ కాళ్ళున్నాయి. ఉన్నాయంటే నడిచే కాళ్ళు కాదులెండి, తోక మొదలయ్యే చోట కింద రెండు పక్కలా గోరు లాంటి చిన్న ముల్లు ఒక్కోటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, మగవాటికి కాస్త పెద్దగా ఉంటుంది, జతకట్టేటప్పుడు దాంతో ఆడపామును గోకుతుంటాయి. ఆ ముల్లు వెనకాల చర్మం లోపల బుల్లి తొడ ఎముక, కటి ఎముక మిగులు ముక్కలు ఇంకా ఉన్నాయి.

పాములు బల్లి జాతి జీవుల్లోంచి వచ్చాయన్న దానిమీద ఇప్పుడు పెద్ద గొడవేం లేదు. అందరూ అడిగేది కాళ్ళు ఎలా పోయాయి అని. నాకేమో అది అసలు ప్రశ్న కాదనిపిస్తుంది. కాళ్ళు పోగొట్టుకోవడం బల్లుల్లో చాలా మామూలు విషయం, వేరువేరు కుటుంబాల్లో విడివిడిగా 25 సార్లకి పైనే జరిగిందని లెక్క, కానీ అలా కాళ్ళు పోయినవన్నీ పాములైపోలేదు, వాటి తల చూస్తే బల్లి తలే. పాముని పాము చేసింది దాని నోరు. శిలాజాలు చూస్తే ఈ మాట ఇంకా గట్టిగా అనాలనిపిస్తుంది.

శిలాజాల్లో ఒక చిక్కుంది. పాము పుర్రెలో ఎముకలు సన్నగా, ఒకదానికొకటి వదులుగా అతుక్కుని ఉంటాయి కాబట్టి చచ్చిపోయాక చెల్లాచెదురైపోతాయి, చివరికి రాయిలో మిగిలేవి ఎక్కువగా వెన్నుపూసలే. చాలా పాత పాము జాతులకి పేరు పెట్టింది కూడా నాలుగైదు వెన్నుపూసలు చూసే. అదృష్టం ఏంటంటే పాము వెన్నుపూసని గుర్తుపట్టడం తెలిసినవాళ్ళకి కష్టం కాదు. మామూలు కీళ్ళు కాకుండా ముందువైపు ఒక ముక్క పొడుచుకొచ్చి ముందున్న పూసలోని గుంటలో కూర్చునే అదనపు కీలు ఒకటి ఉంటుంది, వందల పూసలున్న వెన్ను ఇటూ అటూ వంగినా మెలిపడకుండా చూసేది అదే.

ఇక కాళ్ళ సంగతి. 2006లో అర్జెంటీనాలోని రియో నెగ్రో ప్రాంతం నుంచి నజాష్ అనే పాము గురించి సెబాస్టియన్ అపెస్తెగియా, హుసామ్ జహేర్ నేచర్ పత్రికలో రాశారు. సుమారు 9.5 కోట్ల ఏళ్ళ కిందటిది. దీనికి వెనక కాళ్ళున్నాయి, అదొక్కటే కాదు, కటి ఎముకలు వెన్నెముకకి అతుక్కుని ఉన్నాయి, అంటే ఆ కాళ్ళు శరీరానికి గట్టిగా బిగించి ఉన్నాయన్నమాట, ఊరికే వేలాడుతున్న అలంకారం కాదు. ఇంకా ముఖ్యంగా అది దొరికింది నేలమీద ఏర్పడ్డ రాళ్ళలో, సముద్రం అడుగు రాళ్ళలో కాదు.

ఇది ఎందుకు ముఖ్యమంటే పాములు నేలమీద పుట్టాయా సముద్రంలో పుట్టాయా అని ఒక వాదన నడుస్తోంది, అప్పటికి అందులో సముద్రం వైపు కూడా గట్టి పట్టే ఉంది. 1869లోనే ఎడ్వర్డ్ కోప్ అనే అమెరికన్, మోససార్లు అనే పెద్ద సముద్ర సరీసృపాలకీ పాములకీ దగ్గరి చుట్టరికం ఉందన్నాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ 1997లో మైకేల్ కాల్డ్‌వెల్, మైకేల్ లీ కలిసి పాకిరాకిస్ అనే శిలాజాన్ని మళ్ళీ పరిశీలించి ఇది కాళ్ళున్న పాము అని తేల్చారు, రమల్లా దగ్గర ఐన్ యబ్రూద్ రాతి గనుల్లో దొరికింది, సముద్రంలో బతికినది. దాంతో పాములు నీళ్ళలో పుట్టాయన్న మాటకి మళ్ళీ ఊపొచ్చింది. ఆ తర్వాత అక్కడే హాసియోఫిస్, లెబనాన్‌లో యూపోడోఫిస్, అన్నీ వెనక కాళ్ళున్న సముద్రపు పాములే.

వీటిలో నాకు బాగా నచ్చింది యూపోడోఫిస్. రాతి పలక మీద ఒక కాలే కనబడుతోంది, రెండోది రాయి లోపల ఇరుక్కుంది, రాయి చెక్కితే ఉన్న శిలాజం కాస్తా పాడవుతుంది. అందుకని అలెక్సాండ్రా ఉసే వాళ్ళ టీమ్ ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని సింక్రోట్రాన్ అనే పెద్ద ఎక్స్‌రే యంత్రంలో పెట్టి బలమైన ఎక్స్‌రేలతో స్కాన్ చేసి 2011లో ఫలితాలు ఇచ్చింది. లోపల రెండు సెంటీమీటర్ల బుల్లి కాలు, మోకాలు దగ్గర మడిచి, చీలమండ ఎముకలు నాలుగున్నాయి, పాదం వేళ్ళు మాత్రం లేవు. ఎముక లోపలి నిర్మాణం ఇప్పటి బల్లుల కాళ్ళలాగే ఉంది. అంటే కాలు వేరే రకంగా మారిపోలేదు, బహుశా పెరగడం నెమ్మదించడమో, తొందరగా ఆగిపోవడమో జరిగింది. ఇప్పటి కొండచిలువ పిండంలో కూడా కాళ్ళ మొగ్గలు మొదలై కొద్దిసేపటికే ఆగిపోతాయి, ఆ కాళ్ళని నడిపించే జీన్ స్విచ్ పాముల్లో దెబ్బతిందని 2016లో రెండు టీములు విడివిడిగా చూపించాయి. రాయిలో ఉన్నదీ, గుడ్డులో జరుగుతున్నదీ ఇంత దగ్గరగా కలవడం చూస్తే భలే ముచ్చటేస్తుంది.

సముద్రమా నేలా అనే పంచాయితీ ఇంకా పూర్తిగా తేలలేదు, మూడో పార్టీ కూడా ఉంది, బొరియల పార్టీ. 2015లో హాంగ్యూ యి, మార్క్ నోరెల్ డైనిలీసియా అనే అర్జెంటీనా పాము పుర్రెని సీటీ స్కాన్ చేసి దాని లోపలి చెవి ఆకారం ఇప్పుడు మట్టిలో దూరే పాముల చెవిలా ఉందన్నారు. నా ఓటు నేలకే, నజాష్ వల్ల. కానీ ఒక్క చెవి ఆకారం చూసి పూర్వీకుల ఇల్లు ఎక్కడో చెప్పేయడం నాకైతే తొందరపాటనిపిస్తుంది.

సరే, నోటి దగ్గరికి వద్దాం. పాము దవడ ఊడదీసుకుని మింగుతుందని అందరూ అంటారు, తప్పు, ఏదీ ఊడదు. కింది దవడ రెండు సగాలూ గడ్డం దగ్గర మనలా అతుక్కుని ఉండవు, సాగే పట్టీ లాంటి బంధంతో కలిసి ఉంటాయి, దవడని పుర్రెకి కలిపే ఎముక కూడా పొడుగ్గా వదులుగా కదులుతుంది, పై పళ్ళ వరసలు కుడీ ఎడమా విడివిడిగా కదులుతూ, బావిలోంచి చేదతాడు ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి వేసి లాగినట్టు ఎరని లోపలికి లాక్కుంటాయి. ఈ మెషినరీ అంతా ఒక్కసారి రాలేదు. 2019లో ఫెర్నాండో గార్బెరోల్యో వాళ్ళు నజాష్ పుర్రెల్ని స్కాన్ చేసి చూస్తే ఇప్పటి పాముల్లో దాదాపు మాయమైపోయిన చెంప ఎముక అందులో ఇంకా ఉంది. ఆ పేపర్ చెప్పిన ఇంకో మాట, తొలి పాములు ఎక్కడో మట్టిలో దాక్కునే చిన్న పురుగుల్లాంటివి కావు, ఒళ్ళూ నోరూ పెద్దవే, వెనక కాళ్ళతోనే కోట్ల ఏళ్ళు హాయిగా బతికాయి. అంటే కాళ్ళున్న పాము అనేది మధ్యలో వచ్చిపోయిన దశ కాదు, అదే ఒక స్థిరమైన జీవితం.

గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీ శిలాజం తెలుసా మీకు? ధనంజయ్ మొహబే 1980ల్లో అక్కడ డైనోసార్ గుడ్లు, పిల్ల ఎముకలు ఉన్న రాయి తవ్వి తీశారు, అప్పట్లో అంతా డైనోసార్ పిల్లే అనుకున్నారు. 2001లో జెఫ్రీ విల్సన్ ఆ రాయి చూస్తే నేను పైన చెప్పిన ఆ అదనపు కీలున్న వెన్నుపూసలు కనబడ్డాయి. 6.7 కోట్ల ఏళ్ళ కిందటి మూడున్నర మీటర్ల పాము, నలిగిన డైనోసార్ గుడ్డు చుట్టూ చుట్ట చుట్టుకుని, పక్కనే అర మీటరు డైనోసార్ పిల్ల, ఇంకో రెండు గుడ్లు. ఏదో మట్టి వరద వచ్చి అలాగే పూడ్చేసింది. 2010లో దీనికి సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు. దీని దవడ చూస్తే ఇప్పటి కొండచిలువంత వెడల్పుగా తెరుచుకోదు, అందుకే పెద్ద డైనోసార్ల జోలికి పోకుండా అప్పుడే పుట్టిన పిల్లల దగ్గర కాపు కాసింది. నోరు పూర్తిగా తయారవకపోయినా ఒళ్ళు పెంచి పని కానిచ్చేసిందన్నమాట, నాకు ఈ పాము తెలివి బాగా నచ్చింది.

ఇక నాలుగు కాళ్ళ పాము అంటూ 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన బ్రెజిల్ టెట్రపోడోఫిస్ గురించి ఒక్క ముక్క. 20 సెంటీమీటర్ల జీవి, ప్రపంచమంతా హడావిడి. 1942 నుంచి బ్రెజిల్ చట్టం ప్రకారం శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, మరి ఇది జర్మనీ మ్యూజియానికి ఎలా చేరిందని గొడవ. 2021లో కాల్డ్‌వెల్ వాళ్ళు రాతి రెండో పలక మీద పడిన పుర్రె అచ్చు కూడా చూసి ఇది పాము కాదు, డోలికోసార్ అనే సముద్రపు బల్లి అని రాశారు. నాకు వాళ్ళ మాటే సబబుగా ఉంది.

అది పోతే, ముందరి కాళ్ళున్న పాము అని అందరూ ఒప్పుకునే శిలాజం ఒక్కటీ లేదు. 2025లో స్కాట్లాండ్‌లోని స్కై దీవి నుంచి బ్రూగ్నాథెయిర్ అని ఒకటి వచ్చింది, 16.7 కోట్ల ఏళ్ళది, కొండచిలువ పళ్ళలా లోపలికి వంగిన పళ్ళు, పాము లాంటి దవడ, కానీ ఒళ్ళూ కాళ్ళూ బల్లివే. ఇది పాముల పూర్వీకుల వరసలోదా, లేక నోరు మాత్రం విడిగా అలా తయారు చేసుకున్న వేరే పాత జీవా అన్నది రాసినవాళ్ళే ఖాయం చెయ్యలేదు. మొదటిదే నిజమైతే మాత్రం నోరు ముందు, కాళ్ళు పోవడం తర్వాత.