అండమాన్ అంటే జైలొక్కటేనా?

సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు... మన శ్రీకాకుళం ఒడ్డున ఏ ఊరెళ్ళి అడిగినా అండమాన్‌లో ఎవరో ఒక చుట్టం ఉంటారు. మా మేనమామ కుటుంబం కూడా పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోనే స్థిరపడింది. పూర్వం మనవాళ్ళు పని కోసం రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయేవాళ్ళు. 1942లో జపాన్ బర్మాలోకి రావడంతో ఆ దారి మూసుకుపోయింది, తర్వాతి తరాల్లో చాలామంది అండమాన్ ఓడెక్కారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో సుమారు 13 శాతం మంది తెలుగు తమ మాతృభాష అని చెప్పారు, వాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర వాళ్ళే.

ఇన్ని రాకపోకలున్నా అండమాన్ చరిత్ర చెప్పమంటే మనలో ఎవరైనా సెల్యులార్ జైలుతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. ఆ జైలంటే నాకూ గౌరవమే. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు, ఆ సంగతి మన స్కూళ్ళలో పిల్లలకి ఎందుకు చెప్పరో తెలీదు. కానీ జైలు కట్టడం పూర్తయింది 1906లో. అంతకు ముందు వేల ఏళ్ళుగా అక్కడ మనుషులున్నారు: గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జరావాలు, సెంటినలీలు, కింద నికోబార్‌లో నికోబారీలు, షాంపెన్‌లు.

ఇంగ్లీషువాళ్ళు 1789లో ఒకసారి వచ్చి, జబ్బులతో జనం చచ్చిపోతుంటే 1796లో వదిలేసి పోయారు. సిపాయిల తిరుగుబాటు తర్వాత 1858 మార్చిలో రెండొందల మంది ఖైదీలతో మళ్ళీ దిగారు. ఆ ఖైదీల చేత అడవి కొట్టించారు. కొట్టేవాడు గొలుసులతో ఉన్నాడా, కొట్టించేవాడు తుపాకీతో ఉన్నాడా అన్నది అండమానీలకు అనవసరం, పోయేది వాళ్ళ అడవి. 1859 మేలో విల్లంబులతో మీద పడ్డారు, దాన్నే అబర్డీన్ యుద్ధం అంటారు. అయితే దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ అంతకు ముందు ఏడాది పారిపోయి వాళ్ళకే చిక్కాడు. గాయపడినవాణ్ణి చంపకుండా వాళ్ళు తమలో కలుపుకున్నారు, తిండి పెట్టారు, పెళ్ళి కూడా చేశారు. దాడికి ముందు అతను తప్పించుకొచ్చి ఇంగ్లీషువాళ్ళకి కబురు చెప్పేశాడు. అతనికి క్షమాభిక్ష దొరికింది. అండమానీలు ఓడిపోయారు. అతనూ పాపం ప్రాణభయంతో ఉన్న ఖైదీయే, అయినా ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

తుపాకుల కంటే రోగాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. బయటివాళ్ళతో వచ్చిన సవాయి రోగం (సిఫిలిస్), 1877లో తట్టు. వాటిని తట్టుకునే శక్తి వాళ్ళ ఒంట్లో లేదు. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1961 నాటికి 19 మంది మిగిలారు. 2010 జనవరిలో వాళ్ళలో బోవా అనే పెద్దావిడ చనిపోయింది, ఆమెతోనే బో భాష అయిపోయింది. చివరి ఏళ్ళలో తన భాషలో ఒక మాటంటే తిరిగి పలికే మనిషి ఆమెకు లేడు.

2004 సునామీలో నికోబార్ దీవుల్లో వేలమంది పోయారు. ఓంగీలు మాత్రం సముద్రం వెనక్కి పోతుంటే చూసి మెరక మీదకి వెళ్ళి బతికారు. అలాంటి తెలివున్న మనుషుల్ని మనం ‘అడివోళ్ళు’ అని ఒక్కమాటతో తీసిపారేస్తాం.

పండక్కి అండమాన్ నుంచి మా బావ వచ్చినప్పుడు ఊళ్ళో అందరూ ఒకటే అడుగుతారు, "జరావాలు కనిపించారేటి?" అని, అదేదో జూ అన్నట్టు. నాకు ఆ ప్రశ్న అస్సలు నచ్చదు. అండమాన్ ట్రంక్ రోడ్డు వాళ్ళ అడవి మధ్యలోంచే పోతుంది. అడవిలోని ఆ రోడ్డు మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళు వరసకట్టి కాన్వాయ్‌గా వెళ్తూనే ఉన్నాయి. మా బావ పిల్లలతో వెళ్తే అద్దాలు ఎత్తేసి ఫోన్లు లోపల పెట్టించేస్తాడు. మీవాళ్ళు ఆ రోడ్డు మీద ఉత్తరాన దిగ్లీపూర్ వైపు వెళ్తుంటే వాళ్ళకీ చెప్పండి, బండి ఆపొద్దని, ఫొటోలు తియ్యొద్దని, ముఖ్యంగా బిస్కట్లు, అరటిపళ్ళు ఇవ్వొద్దని. జరావాలు బయటివాళ్ళతో కలవడం మొదలుపెట్టింది 1997-98లో, 1999కల్లా వాళ్ళలో తట్టు పాకేసింది.