ఉదయపూర్ సందులో ఒక సిపాయి కత్తి

ఉదయపూర్ సిటీ ప్యాలెస్‌లో ఆయుధశాల చూసి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. జగదీశ్ ఆలయం దగ్గర ఒక సందులో పాత వస్తువుల దుకాణం కనిపిస్తే ఆగిపోయాను. గోడ నిండా తల్వార్లు, బాకులు, పిడికిట పట్టి పొడిచే కటారులు. దుకాణదారు మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఎర్ర గుడ్డ విప్పి ఒక కత్తిని నా చేతిలో పెట్టి, "అసలైన ఫౌలాద్, సాబ్. మూడు వందల ఏళ్లది" అన్నారు.

ఫౌలాద్ అంటే మూసలో కరిగించి తీసిన ఉక్కు. ఆ మాటకు ఒళ్లు పులకరించింది. మాది నిజామాబాద్. మా జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా లోకం మెచ్చినవాటి వెనుక మన కమ్మరుల చెమట ఉంది. అందుకే ఈ కత్తిని ఊరికే చూసి ఇచ్చేయలేకపోయాను.

భూతద్దం తీశాను. కత్తి అలుగు (పదునైన లోహపు భాగం) మీద నీటి అలల్లాంటి చారలు. మూస ఉక్కులో ఈ చారలు లోహంలోనే ఉంటాయి. ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా సాగుతాయి, కత్తి వీపు మీద కూడా కనిపిస్తాయి. ఇక్కడేమో ఒకే వంపు జానెడుకొకసారి తిరిగి వస్తోంది. వీపు మీద ఒక్క చారా లేదు. యాసిడ్‌తో పైపైన తినిపించిన గీతలవి.

పిడి దగ్గర బంగారు అక్షరాల్లో అసదుల్లా పేరు ఉంది. ఇస్ఫహాన్‌కు చెందిన ఆ ప్రసిద్ధ కమ్మరి పేరును తర్వాతివారు లెక్కలేనన్ని కత్తుల మీద వేసుకున్నారు కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. దాని కింది బంగారు పూలతీగ దగ్గర మాత్రం నా చూపు ఆగింది. అక్కడ ఆవగింజంత తుప్పు గుంట ఉంది. బంగారం ఆ గుంట అంచున తెగిపోలేదు, గుంటలోకి దిగి, అడుగున మెరిసి, అవతలి గట్టు ఎక్కింది. పూలు పాతవైతే తుప్పు వాటిని పెకలించి ఉండేది. అంటే ముందు తుప్పు, తర్వాత బంగారం.

నన్ను బాధపెట్టింది ఇదే. ఆ నల్లటి, లోతైన తుప్పు నిజమైనది, అలుగూ పాతదే. ఏ అలంకారమూ లేని కత్తికి ధర పెంచడానికి దాన్ని సానబట్టి, చారలు తినిపించి, పేరు పొదిగారు. కొత్త కత్తిని పాతదని అమ్మితే పోయేది డబ్బే. ఇక్కడ ఒక పాత కత్తే పోయింది. అరిగిన పిడి మార్చడం పూర్వమూ ఉన్నదే, దాన్ని నేను తప్పుపట్టను.

"కావాలంటే విదేశాలకూ పంపుతాం" అన్నారాయన. నూరేళ్లు దాటిన పురావస్తువును అలా పంపడానికి 1972 నాటి చట్టం ఒప్పుకోదు. నమస్కారం చెప్పి లేచాను. అడిగితే ఫొటో తీసుకోనిచ్చారు.

మర్నాడు కోఫ్త్‌గరీ, అంటే ఉక్కు మీద బంగారం పొదిగే పని, చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఉక్కు మీద సన్నటి అడ్డుగీతలు గీసి, వాటిలోకి బంగారు తీగను సుత్తితో నెమ్మదిగా కొట్టి, రాయితో మెరుగు పెడుతున్నారు. బంగారం అరిగినచోట ఆ గీతలు బయటపడాలట. నా ఫొటోను పెద్దది చేసి చూశారు.

"గీతలు లేవు. అంటించారంతే" అన్నారు. ఆ తర్వాత పూలను వదిలేసి, అలుగు వంపునే చాలాసేపు చూశారు. "మంచి కత్తి. ఎవరో సిపాయిది అయి ఉంటుంది."