మూడు వందల వాటా

ఈ ఉదయం సచివాలయం ఉద్యోగి మా గుమ్మంలో కూర్చుని, తమ్ముడి బొటనవేలిని తడిగుడ్డతో తుడిచి మూడోసారి యంత్రం మీద పెట్టించారు. చేతులు నేలకు ఆన్చి కదిలే మనిషి కనుక వాడి వేలిముద్రలు అరిగిపోయాయి. నాలుగోసారికి ముద్ర పడింది, పన్నెండు ఐదు వందల నోట్లు వాడి చేతికి వచ్చాయి.

2024 ఎన్నికల తరువాత ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. ఆ పెంపు మా ఇంటికి ఎంత ఊరటో మాకే తెలుసు.

అయితే జాతీయ దివ్యాంగుల పింఛను పథకం కింద, 80 శాతం వైకల్యం ఉన్న పేదలకు కేంద్రం ఇచ్చే వాటా 2012లో నిర్ణయించిన 300 రూపాయల దగ్గరే నిలిచిపోయింది. ఆ తరువాత మూడుసార్లు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి, పార్లమెంటు స్థాయీ సంఘం పెంచమని పదేపదే సిఫారసు చేసింది. ఏ ఒక్క పార్టీకీ సొంత మెజారిటీ లేక, మన రాష్ట్ర ఎంపీల మద్దతుకు ఇంత విలువ వచ్చిన ఈ సభలోనైనా వారు ఈ మాటను గట్టిగా అడగాలని నా కోరిక.

మా ఎంపీకి ఉత్తరం రాస్తున్నాను. కింద తమ్ముడు వేలిముద్ర వేస్తానన్నాడు.