హార్ట్ ఎటాక్ అని రాసి పంపేస్తే సరిపోతుందా?

కువైట్ నుంచి శవపెట్టె వచ్చిందంటే మా రాయచోటి, రాజంపేట వైపు ఏమైందని ఎవరూ గట్టిగా అడగరు. హార్ట్ ఎటాకంట అని ఒకరంటారు, అందరూ తలూపుతారు. మెడికల్ పాసయ్యి విమానం ఎక్కిన మనిషి, నలభై కూడా నిండని మనిషి, ఆ గుండె ఎందుకు ఆగిందో డెత్ సర్టిఫికెట్‌లో ఉండదు. గుండె ఆగడం చావే కదా, చావుకి కారణం ఎట్లా అవుతుంది?

ఇళ్లల్లో పనికి పోయినవాళ్ల ఒంటికి ఏమవుతోందో ఫోన్లలో వింటూనే ఉన్నాం. నాకు పిన్ని వరసయ్యే ఒకామె వీడియో కాల్‌లో చేతులు చూపించింది, వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. బాత్రూమ్ తెల్లగా రావాలని బ్లీచ్‌లో యాసిడ్ కలిపి, తలుపేసుకుని కడుగుతోందట, మాట మాటకీ దగ్గు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఎక్కువైతే ప్రాణమే పోతుంది. దయచేసి మీవాళ్లకి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, ఏ రెండూ కలపొద్దని, తలుపు తీసే కడగమని.

ఊరి నుంచి తీసుకెళ్లిన బీపీ బిళ్లలు అయిపోతే మేడమ్, అంటే ఆ ఇంటి యజమానురాలు, తీసుకెళ్తే తప్ప డాక్టరు లేడు. రంజాన్ నెలంతా సహర్ దాకా, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే వేళ దాకా, వంటింట్లోనే. పై అంతస్తు కిటికీ అద్దాలు తుడుస్తూ పడిపోయినవాళ్లున్నారు, దెబ్బలు తట్టుకోలేక పారిపోబోయి పడినవాళ్లూ ఉన్నారు. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి అని కువైట్ 2015లోనే చట్టం చేసింది, కానీ ఇంటి లోపల గంటలు లెక్కపెట్టేదెవరు?

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. మన ప్రవాసీ భారతీయ బీమా యోజన, రెండేళ్లకి 275 రూపాయల పాలసీ, 10 లక్షలు ఇచ్చేది ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా వికలాంగులైతేనో మాత్రమే. సహజ మరణం అని రాసేస్తే పిల్లలకి ఆ డబ్బు లేదు. అందుకే బాడీ తొందరగా రావాలంటే సంతకం పెట్టండని ఏజెంటు వాట్సాప్‌లో కాగితం పంపితే, ముందు పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు అడగండి. అనుమానం ఉంటే ఎంబసీకి రాతపూర్వకంగా పెట్టండి, మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో కంప్లయింట్ నమోదు చేయండి. విజిట్ వీసా మీద దొడ్డిదారిన వెళ్లినవాళ్లకి అసలు ఈ పాలసీయే ఉండదు, కాబట్టి వీసా చేతికొచ్చిన రోజే అది ఏ వీసానో చదువుకున్నవాళ్లతో చదివించుకోండి.