మూడు సాయంత్రాల నెలవంక

"చాచా, చుక్క ఏదీ?" అని అడిగింది నా స్నేహితుడి పాప.

2025 జూన్ 26, గురువారం. నెల్లూరు స్వర్ణాల చెరువు కట్ట మీద, బారాషహీద్ దర్గా ఘాటు దగ్గర నిలబడి ఉన్నాం. ఆరున్నర దాటింది. పొద్దు ఇప్పుడే చెరువు అవతలి గట్టు వెనక్కి దిగింది. పడమటి దిక్కున పల్చటి మబ్బులు పొరలు పొరలుగా ఉన్నాయి. మా చుట్టూ ఇరవై ముప్పై మంది ఉంటారు, అందరి కళ్ళూ అటే. నా స్నేహితుడి తల్లి, నేను అమ్మా అనే పిలుస్తాను, అందరికన్నా ముందు చూసింది. "ఆడ చూడు నాయనా, ఆ నల్లమబ్బు తునక పైన. గోరంత ఉంది చూడు" అని చెయ్యి చాపింది.

రెండు నిమిషాలు నాకేమీ ఆనలేదు. మబ్బు కాస్త జరిగాక ఉన్నట్టుండి కనిపించింది. సన్నటి వెండి దారం వంచి పెట్టినట్టు, కొమ్ములు రెండూ పైకి, సరిగ్గా పడవలా ఉంది. ముందురోజు సాయంత్రం నాలుగు గంటలకు అమావాస్య ఘడియ. అంటే ఆ చంద్రుడికి అప్పటికి ఇరవై ఏడు గంటల వయసు. మనకు కనిపించే బిళ్ళలో వెలుగుతున్నది నూటికి రెండు వంతులే. అమ్మ రెండు చేతులూ చాచి దువా చదువుకుంది. ముహర్రం మొదలైంది, హిజ్రీ సంవత్సరం మారింది. మన పంచాంగంలో ఆ రోజు ఆషాఢ శుద్ధ పాడ్యమి.

పాప ప్రశ్న అప్పుడు వచ్చింది. దర్గా దారిలో కట్టిన పచ్చజెండాల మీద చంద్రవంక ఉంది, దాని ఒడిలో చుక్క ఉంది. ఆకాశంలో వంక మాత్రమే ఉంది. తనకు ఎనిమిదేళ్ళు. ఆ వయసులో అది న్యాయమైన ప్రశ్న, ఏ వయసులోనైనా న్యాయమైన ప్రశ్నే. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నదే మూడు సాయంత్రాలు వరసగా నెలవంకను చూద్దామని. దాని బొమ్మను గుడుల్లో, జెండాల మీద, శాసనాల మీద చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అసలు వంకనూ బొమ్మ వంకనూ పక్కపక్కన పెట్టి చూడాలని చాలా కాలంగా ఉంది.

"ఆ వంక లోపల ఖాళీ లేదు తల్లీ, అక్కడ చంద్రుడే ఉన్నాడు. వెలుగు పడని చంద్రుడు. గోడ వెనక దీపం మనకు కనపడనట్టే, ఆ నల్లటి భాగం వెనక చుక్క ఉన్నా మనకు కనపడదు" అన్నాను. ఒప్పుకోలేదు. "మరి జెండాలో?" అంది. జెండాలో మనుషులు గీశారు అని మాత్రం అనగలిగాను. ఆ జవాబు నాకే చాలలేదు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఒక మాట చెప్పింది. ఖురాన్ రెండో అధ్యాయంలో నెలవంకల ఊసు వస్తుందట: వాటి గురించి నిన్ను అడుగుతారు, అవి మనుషులకూ హజ్ యాత్రకూ వేళను తెలిపే గుర్తులని చెప్పు, అని. అంటే అక్కడ వంక గడియారమే. అది మతానికి గుర్తుగా స్థిరపడింది చాలా తర్వాత, ఎక్కువగా ఒట్టోమాన్ తుర్కుల జెండాల వల్ల. వాళ్ళకు ఎన్నో వందల ఏళ్ళ ముందే బైజాంటియం నగరం నాణేల మీద వంక, చుక్క ఉన్నాయి. ఇంకా వెనక్కి పోతే సుమేరు ప్రజల చంద్రదేవుడు నన్నకు గుర్తు నెలవంకే. 1877లో మొదలైన రష్యా యుద్ధంలో ఒట్టోమాన్లు క్షతగాత్రుల బండ్ల మీద ఎర్ర శిలువకు బదులు ఎర్ర నెలవంక వేసుకున్నారు. 1929 జెనీవా ఒప్పందం దానికి గుర్తింపు ఇచ్చింది. ఒకే గీత ఎన్ని చేతులు మారిందో తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మర్నాడు పొద్దున్నే స్నేహితుడి కారులో ఉదయగిరికి బయలుదేరాం. పాప కూడా వస్తానని పట్టుబట్టింది. ఆత్మకూరు దాటకముందే టీకి ఆగిన చోట కడిగి బోర్లించిన మట్టికుండ ఒకటి బల్ల మీద కనబడింది. ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంది. పాపను పిలిచాను.

పదిహేను వందల ఏళ్ళ కిందట వరాహమిహిరుడు బృహత్సంహితలో చంద్రుణ్ణి సరిగ్గా ఈ కుండతోనే పోల్చాడు. ఎండలో పెట్టిన కుండకు సగం వెలుగు, సగం తన నీడే తనకు చీకటి. చంద్రుడూ అంతే, అన్నాడు. నాకు తెలిసి ఖగోళశాస్త్రంలో ఇంతకంటే ఇంటి ఉపమానం లేదు. పాపను ముందు సూర్యుడికి వీపు పెట్టి కుండను చూడమన్నాను. కుండంతా వెలుగు. అది పున్నమి. పక్కకు నడిపించాను. సగం వెలుగు, సగం నీడ. అది అష్టమి. ఇంకా నడిపించి సూర్యుడికి ఎదురుగా, కుండ మాటున నిలబెట్టాను. "చందమామ!" అని అరిచింది. కుండ అంచున సన్నటి ఎర్రటి వంక.

కుండ కదల్లేదు, దాని మీద పడే ఎండా మారలేదు. మారింది మనం నిలబడిన చోటు. అందుకే నెలవంక ఎప్పుడూ సూర్యుడి సమీపంలోనే ఉంటుంది, సాయంత్రం పడమట, కృష్ణపక్షం చివర తెల్లవారుజామున తూర్పున. అర్ధరాత్రి నడినెత్తిన వంకను వేసిన చిత్రాలు చూసినప్పుడల్లా నాకు ఈ కుండ చూపించాలనిపిస్తుంది. పాప ఇంకోటి కూడా తనంతట తానే కనిపెట్టింది. వంక కొమ్ములు రెండూ కుండ గుండ్రానికి అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి ఉన్నాయి, అంతకు మించి లోపలికి ముడుచుకోవు. నిజం చంద్రుడికీ అంతే. బయటి అంచు అర్ధవృత్తం, లోపలి అంచు దీర్ఘవృత్తంలో సగం. జెండాల మీది వంక అది కాదు. ఒక వృత్తంలోంచి ఇంకో చిన్న వృత్తాన్ని కొరికి తీసేస్తే మిగిలే ఆకారం, కొమ్ములు దాదాపు కలుసుకునేంతగా ముడుచుకుంటాయి. కొరికిన రొట్టె ఆకారం. దాన్ని తప్పని నేను అనను. గీసినవాడు చుక్కకు చోటు ఇవ్వాలనుకున్నాడు, ఇచ్చాడు. పిల్లలకు మాత్రం రెండూ చూపించాలి.

ఉదయగిరి కొండ మీద ఎండ మాడ్చేసింది, దాని గురించి ఎక్కువ చెప్పను. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర నుంచి ఈ కోటను గెలిచి ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయాడు. విగ్రహం పోయిన ఊళ్ళో గుళ్ళూ మసీదులూ పక్కపక్కనే శిథిలాలుగా నిలిచి ఉన్నాయి. నేను వెతికింది ఇంకొకటి. దిగి వచ్చేదారిలో ఒక పల్లె గుడి ప్రహరీకి ఆనించిన శాసనం రాయి ఒకటి దొరికింది. అక్షరాలు అరిగిపోయాయి. నేను చదవగలిగింది ఏమీ లేదు. కానీ పై భాగాన గుండ్రటి సూర్యుడు, పక్కన వంక చంద్రుడు వేలితో తడిమితే తెలిసేంత లోతుగా ఉన్నారు. దానం 'ఆచంద్రార్కం' చెల్లాలని, అంటే సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని, ఆ రెండు బొమ్మలూ చెక్కేవాళ్ళు. చదువురాని రైతుకు కూడా ఆ మాట అర్థం కావాలంటే బొమ్మే దారి. చంద్రుణ్ణి పూర్తి బింబంగా చెక్కితే సూర్యుడితో తేడా తెలియదు. అందుకే వంక. ఈ సంగతి ఆ రాయి మీద చెయ్యి పెట్టినప్పుడే నాకు తట్టింది.

ఆ రోజు విదియ. సాయంత్రం మేం దిగిన ఇంటి మేడ మీదికి ఎక్కాం. వంక ముందురోజు కంటే లావైంది, ఎత్తుగా ఉంది, బుధుడు దాని పక్కనే మెరుస్తున్నాడు. పాప చుక్క దొరికిందని సంబరపడింది. "లోపల కాదు, పక్కన" అని తనే సర్దుకుంది. మబ్బు లేని చోట వెలుగు లేని భాగం కూడా బూడిద రంగులో లీలగా కనిపించింది, పూర్తి గుండ్రంగా. అది భూమి వెలుగు. సూర్యుడి కాంతి మన సముద్రాల మీద, మబ్బుల మీద పడి, తిరిగి చంద్రుడి దాకా పోయి, అక్కడి నుంచి మళ్ళీ మన కంటికి వస్తుంది. లియొనార్డో డావిన్చి అయిదు వందల ఏళ్ళ కిందటే తన రాతపుస్తకంలో ఈ సంగతి ఊహించి రాసుకున్నాడు.

ఇంటి ముసలమ్మ మెట్లెక్కి వచ్చింది. పడమటికి తిరిగి, చీర కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి, రెండు వేళ్ళతో పట్టి చంద్రుడి వైపు వదిలింది. చంద్రునికో నూలుపోగు అనే మాటను నేను వెయ్యిసార్లు వాడి ఉంటాను. చెయ్యడం చూసింది అదే మొదటిసారి. "విదియ చంద్రుడికి కొత్తబట్ట పెట్టాల గదా సామీ, మనకు యాడ దొరకద్ది, ఒక పోగు చాలు" అంది. నిన్న చెరువు కట్ట మీద చాచిన చేతులు గుర్తొచ్చాయి. నా స్నేహితుడు ఏమీ అనలేదు. తను కూడా ఆ పోగు గాల్లో పోయేదాకా చూశాడు.

ఆమె ఇంకో ప్రశ్న వేసింది: "కొమ్ము ఎటు లేచిందయ్యా?" పాతకాలం రైతులు కొమ్ముల ఎత్తుపల్లాలను చూసి వానలు, ధరలు చెప్పుకునేవాళ్ళు. శృంగోన్నతి అని సూర్యసిద్ధాంతంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. వరాహమిహిరుడు కొమ్ముల తీరును పడవ, నాగలి, విల్లు అని పేర్లు పెట్టి ఫలితాలు రాశాడు. ధరల మాట నేను నమ్మను. లెక్క మాత్రం గట్టిది. కొమ్ముల మధ్య బొడ్డు ఎప్పుడూ మునిగిన సూర్యుడి వైపే తిరిగి ఉంటుంది. చంద్రుడు సూర్యుడికి నిట్టనిలువునా పైన ఉంటే పడవ, పక్కకు జరిగితే ఒరిగిన నాగలి. మనలాంటి దక్షిణాది ఊళ్ళకు ఫాల్గుణ, చైత్రాల్లో పడవలా కనిపించడం ఎక్కువ, భాద్రపదం నాటికి బాగా ఒరుగుతుంది. శివుడి జటలో కొమ్ములు పైకి పెట్టి వేసే వంక మన ఆకాశంలో కనిపించే వంకే.

మూడో రోజు సీతారాంపురం మీదుగా భైరవకోన. ప్రకాశం జిల్లాలోకి అడుగుపెట్టాం. మండలం పేరు చంద్రశేఖరపురం, నెలవంకను తలదాల్చినవాడి పేరు. దక్షుడి శాపంతో రోజురోజుకూ క్షీణిస్తున్న చంద్రుడు ఆఖరి కళతో వచ్చి శరణంటే శివుడు ఆ ఒక్క కళనూ తల మీద పెట్టుకున్నాడని కథ. ఇక్కడ ఒకే కొండరాతిలో ఎనిమిది గుహాలయాలు తొలిచారు, ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. సింహాల మీద నిలబెట్టిన స్తంభాలు పల్లవుల తీరును గుర్తుచేస్తాయి. జలపాతం ఆ రోజు సన్నటి ధారే. నీళ్ళ చప్పుడు మాత్రం గుహలన్నిటిలోనూ వినబడుతోంది.

కార్తీక పున్నమి నాడు అమ్మవారి మీద చంద్రకాంతి పడుతుందని అక్కడివాళ్ళు చెబుతారు. దాన్ని విని ఊరుకోలేక కొండకు ఎదురుగా కూర్చుని ఆలోచించాను. పున్నమి చంద్రుడు పొద్దుగూకే వేళకు తూర్పున లేస్తాడు. కాబట్టి తూర్పుకు తెరిచిన గుహ లోపలికి అతను సూటిగా చూడగలడు. నేను వెంటపడి వచ్చిన సాయంకాలపు వంక ఎప్పుడూ పడమటే ఉంటుంది, అంటే ఈ కొండకు వీపు వైపు. చంద్రశేఖరుడి కోనలో ఆ సాయంకాలపు వంక వెలుగు తూర్పు ముఖం గుహల్లోని దేవుడికి ఎన్నడూ పడదు. తిరుగు దారిలో తదియ చంద్రుడు కుడిచేతి వైపు కిటికీలోంచి మా వెంటే వచ్చాడు. పాప నిద్రపోయింది. దారిలో ఒక ఊళ్ళో పీర్ల చావిడి ముందు గుండానికి గుద్దలి వేసిన తాజా మన్ను కనబడింది. ఇక్కడా నెలవంక కబురు అందినట్టే.

నెల అంటే చంద్రుడు, నెల అంటే మాసం. మన భాషలో ఆ రెండిటికీ ఒకటే మాట. రెండు లెక్కలూ ఇరవై తొమ్మిదిన్నర రోజుల ఈ చంద్రుడి మీదే నడుస్తాయి. పన్నెండు నెలలకు 354 రోజులు. సౌరమానానికి పదకొండు రోజులు తక్కువ. హిజ్రీ లెక్క ఆ తరుగును అలాగే వదిలేస్తుంది, అందుకే ముహర్రం ఋతువులన్నీ తిరిగి వస్తుంది. మన పంచాంగం అధికమాసం వేసి సర్దుకుంటుంది. 2024లోనూ 2025లోనూ ముహర్రం, ఆషాఢం ఒకే చంద్రుడితో మొదలయ్యాయి. ముహర్రం పదో రోజు, తొలి ఏకాదశి ఒక్కరోజే పడ్డాయి. 2026లో అధిక జ్యేష్ఠం అడ్డొచ్చి ఈ జత విడిపోతుంది.

అందుకే జూలై 6న మళ్ళీ నెల్లూరు వచ్చాను. రొట్టెల పండుగ మొదటి రోజు, ఆదివారం. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళల్లో జనం. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె అని పిలుపులు. కోరిక తీరినవాళ్ళు ఇస్తున్నారు, కోరుకునేవాళ్ళు పట్టుకుంటున్నారు. పాప నా చెయ్యి వదలకుండా చదువు రొట్టె కోసం వెతికింది. మా పక్కన నిలబడిన నడివయసు ఆమెకు ఎవరో సంతాన రొట్టె ఇచ్చారు, కూతురి కోసమట. ఇచ్చినామె తినమంది. ఈమె రొట్టెను కళ్ళకద్దుకుని, కొంగులో ముడివేసుకుంది.

"ఈ పొద్దు ఏకాదశమ్మా, ఉపాసం ఉండా. రేపు పారణ అయినాక తింటాం, ఇద్దరం" అంది.

"అట్టనే తినండి" అంది ఇచ్చినామె. నీళ్ళల్లో వాళ్ళ వెనక, తూర్పున ముప్పాతికకు పైగా నిండిన చంద్రుడు అప్పుడే పైకి వస్తున్నాడు.